ఎదురింటి దాకా ప్రయాణం

ఇవాళ చిన్న కథే చెప్తాను. చిన్నదంటే చిన్నదే, తరుణ్‌గాడి ఆవలింత ఒకటి పూర్తయ్యేలోపు అయిపోతుంది. హారికా, ఆ కిటికీ రెక్క వెయ్యమ్మా, చలిగాలి ఇంట్లో ఎవరినీ అడక్కుండా నా మోకాళ్ళ దగ్గరకే వస్తోంది. ఆ, ఇప్పుడు ఊ కొట్టండి. ఊ కొట్టకపోతే మీకు చెప్తున్నానో గోడకి చెప్తున్నానో నాకు తెలీదు. మీ అమ్మ చిన్నప్పుడు నిద్రపోతూ కూడా ఊ కొట్టేది. ఇప్పుడు మీ నాన్న మాట్లాడుతుంటే కొట్టేదీ ఆ ఊ‌యే, కావాలంటే రేపు గమనించండి.

అనగనగా ఒక కొండ. కొండ నెత్తిన ఒక కోట, కోట కింద ఒక ఊరు, పేరు మబ్బుగూడెం. ఆ ఊళ్ళో సూరమ్మని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు పరదేశయ్య. పేరు పరదేశయ్యేగానీ, ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక కొండ దిగిన పాపాన పోలేదు. ఎందుకు దిగలేదంటే, ఆయన పనే అలాంటిది. రాజుగారి కొలువులో శకునాలు చూసేవాడు.

ఏం చేసేవాడంటే, కోట గుమ్మం పక్కన ఎత్తుగా కట్టిన అరుగు మీద కూర్చుని ఆకాశంలోకి చూసేవాడు. అదే పని. రాజుగారు వేటకి బయలుదేరితే చూడాలి, పెళ్ళికి బయలుదేరితే చూడాలి, యుద్ధానికి బయలుదేరితే మరీ మరీ చూడాలి. పిట్ట ఇటునుంచి అటు వెళ్ళిందా, అటునుంచి ఇటు వెళ్ళిందా, కూసిందా, కూయకుండా పోయిందా. ఆయన సరేనంటే గుర్రం కదిలేది. ఊహూ అన్నాడంటే రాజంతటివాడూ గుర్రం దిగి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కాల్సిందే. అంత పెద్ద రాజ్యం పరదేశయ్య మెడ ఎటు తిరిగితే అటు తిరిగేది. రాజ్యం మాట అటుంచండి, ఇంట్లో సూరమ్మ సంతకి వెళ్ళాలన్నా ఆ మెడే తిరగాలి.

తరవాత రాజుగారికి వయసైపోయింది. మోకాళ్ళు పట్టేశాయి. వేట మానేశాడు, యుద్ధాలు కొడుక్కి అప్పజెప్పాడు, ఆ కొడుకేమో పిట్టల్ని కాల్చుకు తినేవాడేగానీ చూసేవాడు కాదు. ఇక శకునాలెందుకని, పరదేశయ్యకి ఒక శాలువా కప్పి, మెడలో బంతిపూల దండేసి, మేళంతో ఇంటిదాకా సాగనంపారు. ఇంటిముందు మేళం ఆగింది. పరదేశయ్య లోపలికొచ్చి కూర్చున్నాడు. సూరమ్మ మంచినీళ్ళిచ్చింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అన్నేళ్ళ కాపురంలో పట్టపగలు అలా చూసుకోవడం అదే మొదలు.

మీ తాతయ్య రిటైరయినప్పుడు కూడా సరిగ్గా ఇంతే. మర్నాడు పొద్దున్నే వంటింట్లోకొచ్చి, పోపులపెట్టెలో ఆవాలు ఏ గిన్నెలో ఉంటే చేతికి వీలుగా ఉంటుందో నాకు వివరంగా చెప్పారు. నేను విన్నాను. విని, పాలపాకెట్ తెమ్మని పంపించాను. ఆయన ఇప్పటికీ ఆ పాలపాకెట్ తేవడంలోనే ఉన్నారు. పక్కింటి వరహాలమ్మగారి ఆయన సంగతైతే మరీను, పొద్దస్తమానం గేటు పట్టుకుని నిలబడి, వచ్చేపోయే బళ్ళని చూస్తాడు. మొన్న చెత్తబండి రాలేదని మనసు పాడుచేసుకుని అన్నం మానేశాడు. సర్లే, వాళ్ళ గోల మనకెందుకు. ఎక్కడున్నాం?

ఆ, పరదేశయ్య. కొలువు పోయిందిగానీ మెడ పోలేదు కదా. ఇంటిముందు అరుగు మీద గొంగళి కప్పుకుని కూర్చుని, పొద్దున్నించి సాయంత్రం దాకా పిట్టల్ని చూడడమే. గోరువంకలొచ్చాయి, పిచ్చికలొచ్చాయి, లకుముకి పిట్టొకటి కొత్తగా వచ్చింది, దాని జత రాలేదు. చూసింది ఎవరికో ఒకరికి చెప్పాలి. రాజు లేడు, సూరమ్మ ఉంది. దాంతో సూరమ్మ బతుకు శకునాలపాలైంది. చేద పట్టుకుని నూతికి బయలుదేరితే, ఆగవే, కాకి ఎడమకి పోయింది, కూర్చో. కూర్చుని లేస్తే, ఆగవే, బల్లి పలికింది, కూర్చో. మళ్ళీ లేస్తే, ఆగవే, ఎవరో తుమ్మారు, కూర్చో. తుమ్మింది ఆయనే. అయినా తుమ్ము తుమ్మేనట.

పైగా సూరమ్మకి పిల్లులున్నాయి. బూడిదరంగుదొకటి, చారలదొకటి, కుంటిదొకటి. మొగుడు పొద్దున పోయి రాత్రికొస్తే, ఇంట్లో మాటాడ్డానికి మనిషుండాలి కదా, అందుకని పెంచుకుంది. పిల్లి ఎదురైతే ఏమవుతుందో మీకు తెలుసు. శకునాలు చూసేవాడి ఇంట్లో మూడు పిల్లులంటే, వైద్యుడి ఇంట్లో విషపుసీసాలన్నమాట. ఆయన వాటిని కన్నెత్తి చూసేవాడు కాదు. అవీ ఆయన్ని ఖాతరు చేసేవి కాదు. సరిగ్గా సూరమ్మ గడప దాటే వేళకే, ఎవరో పిలిచినట్టు, ఈ గోడనుంచి ఆ గోడకి నడిచేవి.

ఊ కొడుతున్నారా? హారిక కొడుతోంది. తరుణ్‌ది ఊ కాదు, గురక్కి ముందొచ్చే మూలుగు.

ఇప్పుడు అసలు సంగతి. సూరమ్మకి ఒక్కతే చెల్లెలు, పేరు ముత్యాలు. కొండ కిందున్న ఊరికిచ్చారు. పొద్దున కనుమ దిగితే సాయంత్రానికి చేరిపోయేంత దూరం. మాఘమాసం వెళ్ళిపోతుండగా, ఉప్పు అమ్మే గవరయ్య గాడిదని తోలుకుంటూ వచ్చి, ఆ ఉప్పుతోపాటే ఒక కబురు దించాడు. ముత్యాలుకి జ్వరం, మంచం పట్టింది, పట్టి చాలా రోజులైంది, ఎవరేం పెట్టినా తినడం లేదు, అక్కని చూడాలి అక్కని చూడాలి అంటోంది.

సూరమ్మ కొలుస్తున్న ఉప్పు చాటలోనే వదిలేసింది.

ఎందుకంటే, వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా ఇలాగే కబురొచ్చింది. అప్పుడు పరదేశయ్య కొలువులో ఉన్నాడు, మంచి వయసు, శకునం మీద శకునం చూశాడు. ఇవాళ కాదు, రేపు కాదు, పాము కనబడింది, నక్క కూసింది, ఆగు, కూర్చో. అన్నీ కుదిరి, పాలపిట్ట కుడివైపు వాలి, దివ్యమైన శకునంలో సూరమ్మ కొండ దిగేసరికి, శ్మశానానికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆ మాట సూరమ్మ మొగుణ్ణి ఎన్నడూ అనలేదు. అనకుండా లోపలే ఉంచుకుంది. ఇక మిగిలింది ముత్యాలు ఒక్కతే. దాని విషయంలోనూ అలాగే జరిగితే, తనకి ఈ భూమ్మీద అక్కా అని పిలిచేవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

మర్నాడు గవరయ్య తిరుగుప్రయాణంలో తోడు వస్తానన్నాడు. సూరమ్మ మూట కట్టుకుని గడప దగ్గరకొచ్చింది. చారల పిల్లి అడ్డం నడిచింది. కూర్చో అన్నాడు పరదేశయ్య. ఆ మర్నాడు కాకి. కూర్చో. ఆ మర్నాడు ఎదురింటి గంటాలమ్మ, వదినా, ఎక్కడికే పొద్దున్నే అని అడిగింది. బయలుదేరేవాళ్ళని ఎక్కడికని అడక్కూడదని ఊళ్ళో దూడలక్కూడా తెలుసు. కూర్చో. గవరయ్య చూసి చూసి, గాడిదకి మేత దండగని, కోట అవతలి వీధుల్లో ఉప్పు అమ్ముకుని వస్తానని వెళ్ళాడు.

ఈ గంటాలమ్మ గురించి ఒక మాట చెప్పాలి. మొగుడు పోయినావిడ, పిల్లలు లేరు, ఇల్లు పెద్దది, నోరు ఇంటికన్నా పెద్దది. ఊళ్ళో ఎవరింట్లో కూరలో ఉప్పెక్కువైనా సాయంత్రానికి ఊరందరికీ దాహం వేసేది. నాలాంటిది కాదు. నేను ఉన్నదే చెప్తాను.

ఆ రోజు సూరమ్మ ఏడవలేదు, గొడవపడలేదు. మధ్యాహ్నం మొగుడికి అన్నం వడ్డించి, మజ్జిగ పోస్తూ, మెల్లిగా అడిగింది. ఏమయ్యా, రాజుగారికి తప్పనిసరి ప్రయాణం పడి, బయలుదేరే వేళకి శకునం కుదరకపోతే ఏం చేసేవాళ్ళు మీరు?

పరదేశయ్య చెయ్యి కంచంలో ఆగిపోయింది. కొలువు దిగాక ఆయన విద్య గురించి ఎవరైనా అడగడం అదే మొదలు. వెన్ను నిటారయింది. పిచ్చిదానా, దానికి పరస్థానం ఉంది కదటే అన్నాడు.

పరస్థానమంటే మీకు తెలీదు. మీ అమ్మకీ తెలీదు. మంచి గడియ ఇవాళుంది, ప్రయాణం రేపో ఎల్లుండో అనుకోండి. ఆ మంచి గడియలో మన మూట తీసుకెళ్ళి ఇంకొకరి ఇంట్లో పెట్టేస్తాం. మూట గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. ఆ తరవాత పిల్లి ఎదురైనా, కాకి పోయినా, ఊరంతా వరసలో నిలబడి తుమ్మినా ప్రయాణానికి దోషం లేదు. రాజుగారి కత్తి తీసుకెళ్ళి మంత్రిగారింట్లో పెట్టేవాళ్ళట.

అయితే నా మూట కూడా పెట్టించు అంది సూరమ్మ.

అదీ ఆవిడ తెలివి. పరదేశయ్య చెయ్యి కడుక్కుని, శాలువా తీసి కప్పుకుని, అరుగెక్కి ఆకాశం చూడడం మొదలెట్టాడు. చాలాసేపు చూశాడు. సాయంత్రం ఎండ వాలుతుండగా ఎక్కడినుంచో పాలపిట్టొకటి వచ్చి, కుడివైపు దూలం మీద కూర్చుని, నీలంరెక్కలు ఒకసారి విప్పి మూసింది. "కదులు!" అని అరిచాడు. పూర్వం రాజుగారి గుర్రం కదిలిన గొంతు అది. సూరమ్మ మూట చంకనెట్టుకుని, గడప దాటి, వీధి దాటి, ఎదురుగా గంటాలమ్మ అరుగు ఎక్కింది. మనిషి కూడా మూటతోపాటు ఉంటే ఇంకా గట్టి అన్నాడు పరదేశయ్య. ఇక ప్రయాణం పూర్తయి తిరిగొచ్చేదాకా సొంత గడప తొక్కకూడదు. తొక్కితే ప్రయాణం విరిగినట్టు. విరిగితే ఎవరికోసం బయలుదేరామో వాళ్ళకే కీడు.

సరే, ఒక్క రాత్రే కదా, పొద్దున్నే గవరయ్య వస్తాడు అనుకుంది సూరమ్మ.

ఆ రాత్రి మంచు పడింది.

మంచంటే, మన పొలాల మీద పొద్దున్నే తెల్లగా కనబడి ఎండ రాగానే లేచిపోయే మంచు కాదు. అలాంటిది ఆ ఊళ్ళో రోజూ చూసేదే. ఇది వేరు. ఏకిన దూది పడ్డట్టు పడి, పడినచోటే కూర్చునే మంచు. ముసలివాళ్ళు కూడా ఎప్పుడో విన్నారేగానీ చూసినవాళ్ళు లేరు. చలికాలం అయిపోయిందని ఊరంతా గొంగళ్ళు ఉతికి ఆరేసుకుంది, ఆ గొంగళ్ళు దండేల మీదే అప్పడాల్లా బిగుసుకుపోయాయి. కనుమదారి మూసుకుపోయింది. గవరయ్య ఇటు రాలేకపోయాడు. సూరమ్మ అటు దిగలేదు, ఇటు తన గడప తొక్కలేదు. మనిషి చూస్తే ఇంటికెదురుగానే ఉంది, లెక్క చూస్తే ప్రయాణంలో ఉంది.

ఏంటి తరుణ్? రూలు తప్పితే ఏమవుతుందనా? ఏమవుతుందో సూరమ్మకీ తెలీదురా. అదే ఇబ్బంది. తెలిస్తే తప్పేది.

ఇక చూడండి ఆ సంసారం. పరదేశయ్యకి అన్నం వండడం రాదు. ప్రయాణంలో ఉన్నవాళ్ళని ఇంటినుంచి పిలవకూడదు, కాబట్టి భార్యని అడగలేడు. తల అటు తిప్పి చూడనుకూడా చూడడు. అరుగు మీద నిలబడి పిచ్చికల్ని అడిగేవాడు. ఏమర్రా, గంజి ఎప్పుడు వార్చాలర్రా? ఇటు అరుగు మీద సూరమ్మ స్తంభానికి చెప్పేది. ఎవరినో అనడం లేదు, మెతుకు పట్టుకుంటే నలగాలి, అప్పుడు వార్చాలి. పరదేశయ్య లోపలికెళ్ళేవాడు. కాసేపటికి వచ్చి గోరువంకని అడిగేవాడు. చింతపండు ఎక్కడుంటుందే? సూరమ్మ స్తంభానికి చెప్పేది. అటక మీద, నల్లకుండలో, పక్కనున్న కుండ ముట్టుకుంటే మాత్రం నేనూరుకోను. గంటాలమ్మ మధ్యలో కూర్చుని, అటు తల తిప్పి ఇటు తల తిప్పి, ఆ మంచురోజులు ఆవిడకి బ్రహ్మాండంగా గడిచాయి.

నవ్వండి నవ్వండి. సూరమ్మ నవ్వలేదు. ఎదురుగా తన ఇల్లు, తన గుమ్మం, తన పసుపు గడప. లోపల దీపం సరిగ్గా పెట్టడం రాక పొగ వస్తుంటే ఇక్కడికి కనబడుతోంది. కొండ కింద ముత్యాలు ఉందో లేదో తెలీదు. పొద్దున్నే లేచి కనుమ వైపు చూసేది, తెలుపు. సాయంత్రం చూసేది, తెలుపు. గంటాలమ్మ పెట్టిన అన్నం ముందు కూర్చుని, ఈపాటికి దాని గొంతులో గంజైనా దిగుతోందో లేదో అనుకునేది.

అటు పరదేశయ్యకి కొత్త కష్టమొచ్చింది. మంచు కింద మేత దొరక్క పిట్టలు రాలిపోతున్నాయి. కొమ్మ మీద కూర్చున్నది కూర్చున్నట్టే బిగుసుకుని, ముక్కు కిందకి పెట్టి, టప్పున పడేది. ఆయన అరుగు దిగి, మంచులో తడుముకుంటూ వెళ్ళి, దాన్ని తెచ్చి గొంగట్లో పెట్టుకునేవాడు. కొన్ని లేచేవి, కొన్ని లేవవు. చోళ్ళ కుండ తెచ్చి గింజలు చల్లడం మొదలెట్టాడు. కుడివైపు చల్లితే పిట్టలన్నీ కుడివైపు వెళ్ళాయి. కాసేపు చూశాడు. ఎడమవైపు చల్లాడు. అన్నీ ఎడమవైపు వచ్చాయి.

సూరమ్మ ఇవతలినుంచి చూస్తూనే ఉంది. ఆయన చోళ్ళ కుండ కింద పెట్టాడు. తరవాత, గింజ పొడుస్తున్న ఒక పిచ్చికతో అన్నాడు. "రాజుగారెవరో కూడా మీకు తెలీదు కదర్రా."

ఆ మాట విన్నాక సూరమ్మకి ఎందుకో వీధి దాటాలనిపించింది. లేచింది. అరుగు దిగి ఒక కాలు మంచులో పెట్టింది. అమ్మ గుర్తొచ్చింది, ముత్యాలు గుర్తొచ్చింది. ఆయన నమ్మకం పోయినా తన భయం పోలేదు. కాలు వెనక్కి తీసుకుంది. తీసుకుని, స్తంభానికి చెప్పింది. ఎవరినో అనడం లేదు, ఆ పిల్లులకి కాసిని పాలు పొయ్యాలి, అవి నాలుగు రోజులుగా అరుస్తున్నాయి.

ఆయన పోశాడు. ఆ రాత్రినుంచి పిల్లులు ఆయన పొట్ట మీదే పడుకునేవి. చలికి వాటికి పౌరుషం లేకపోయింది, ఆయనకీ లేకపోయింది. పగలు అరుగు మీద ఒళ్ళో పిల్లి, చేతిలో గింజలు, ముందు పిట్టలు. పిల్లి పిట్టని చూసేది, ఆయన పిల్లి చెవి పట్టుకునేవాడు.

హారికా, ఊ ఏదమ్మా? అలా చూస్తే కుదరదు, ఊ కావాలి.

ఒకరోజు కోటలోని మేకల కాపరి, సన్నాసి అని, మేకల్ని తోలుకుని అటు వచ్చాడు. మేకలు దిగే చీలికదారి ఒకటుంది, అందులోంచి మనుషులు దిగలేరు. వాడు దిగేవాడు, సగం మేకే కాబట్టి. కొండ కింద మేత ఉందని దిగుతూ, పరదేశయ్య అరుగు దగ్గర ఆగాడు. కిందటిసారి వెళ్ళినప్పుడు ముత్యాలమ్మగారు మంచంలోంచి అడిగారండి, అక్క ఎప్పుడొస్తుందని, ఏం చెప్పమంటారు అన్నాడు.

అప్పుడు సూరమ్మ అక్కడ లేదు. గంటాలమ్మ పెరట్లో ధాన్యం దంచుతోంది, ఊరికే తింటే బాగుండదని. పరదేశయ్యకి ఇంకా ఒక్క నియమం మిగిలింది. తను నమ్మినా నమ్మకపోయినా అది సూరమ్మ ప్రయాణం. ఇంకా ఇక్కడే ఉందని నోటితో అంటే విరిగిపోతుంది. కాబట్టి జాగ్రత్తగా, అక్షరం తప్పకుండా చెప్పాడు.

"సూరమ్మ లేదురా. వెళ్ళిపోయింది."

సన్నాసి నోరు తెరిచాడు. ఎప్పుడండీ?

"మంచు పడిన రోజు సాయంత్రం. మంచి గడియలోనే వెళ్ళింది. నేనే దగ్గరుండి పంపించాను."

పొయ్యి పొగకి ఆయన కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. సన్నాసి తలపాగా తీసేశాడు. మేకల్ని కూడా అరవకుండా తోలుకుపోయాడు.

సాయంత్రం గంటాలమ్మ చెప్పింది. వదినా, సన్నాసి వచ్చాడే, మా అన్నయ్య ఎంత చక్కగా చెప్పాడో, నువ్వు బయలుదేరి వెళ్ళావని. సూరమ్మకి ఆ రోజే కాస్త అన్నం సయించింది. అక్క బయలుదేరిందని తెలిస్తే ముత్యాలు నాలుగురోజులు ప్రాణం పట్టుకుని ఉంటుంది కదా అనుకుంది.

ఏంటర్రా అలా చూస్తారు? మీకు అర్థమైంది, వాళ్ళకి కాలేదు. కథలో ఉన్నవాళ్ళకి అర్థమైపోతే ఇక కథెందుకు, అందరం పడుకోవచ్చు.

కొండ కింద సన్నాసి ఏం చెప్పి ఉంటాడో చెప్పక్కర్లేదు. అక్క పోయిందన్న కబురు వింటే చెల్లెలికి మైల. కట్టుబట్టలతో తలస్నానం చెయ్యాలి. ముత్యాలు లేవలేని మనిషి. ఇంట్లోవాళ్ళు వద్దన్నారు, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుతాం చాలన్నారు. ఒప్పుకోలేదు. అక్క పోయాక నాకు జ్వరమేంటర్రా అని, మంచం పట్టె పట్టుకుని లేచి, నూతి దగ్గర కూర్చుని, కడవలకి కడవలు చన్నీళ్ళు పోయించుకుంది. చచ్చిపోతుందనుకున్నారు. మర్నాటికి జ్వరం లేదు. ఎందుకు తగ్గిందో ఏ వైద్యుడూ చెప్పలేదు, మీరు మాత్రం జ్వరమొస్తే నూతి దగ్గరకి వెళ్ళకండి. నాలుగు ముద్దలు తిని, బావ ఒక్కడూ ఎలా ఉన్నాడో, పరామర్శకి వెళ్ళాలి, డోలీ కట్టించండి అంది. అప్పటికి ఎండ కాస్తోంది, కనుమదారి కరుగుతోంది.

పైన పరదేశయ్యకి దగ్గు పట్టుకుంది. మంచులో తిరిగిన దగ్గు. రాత్రిళ్ళు వీధి ఇవతలికి వినబడేది. సూరమ్మ స్తంభానికి చెప్పింది. ఎవరినో అనడం లేదు, మిరియాల కషాయం కాచుకుంటే తగ్గుతుంది, మిరియాలు పోపులపెట్టెలోనే ఉన్నాయి. పరదేశయ్య మొదటిసారి పిట్టల్ని అడగకుండా, తల అటే పెట్టుకుని, అలాగేలే అన్నాడు. ఆ రాత్రి దగ్గు చాలాసేపు వినబడింది. తెల్లవారబోతుండగా ఆగింది. కషాయం పనిచేసిందనుకుని సూరమ్మ నిశ్చింతగా పడుకుంది.

పొద్దున లేచి చూస్తే ఎండ వచ్చింది. కనుమ మీద నల్లగా దారి కనబడుతోంది. ఇవాళ దిగిపోవచ్చు. సూరమ్మ మూట విప్పి, చీర మార్చుకోడానికి లోపలికి వెళ్ళింది. అంతలో వీధిలో ఏడుపు వినబడింది.

డోలీ దిగి, ముత్యాలు. ముందురోజే బయలుదేరి, రాత్రి కనుమలో ఆగి వచ్చింది. గుండెలు బాదుకుంటూ వచ్చి బావ ఎదురుగా అరుగు మీద కూలబడింది. పరదేశయ్య స్తంభానికి ఆనుకుని, గొంగళి కప్పుకుని కూర్చున్నాడు. ఒళ్ళో బూడిదరంగు పిల్లి, అరచేతిలో చోళ్ళు. "అయ్యో బావా, దాని చెయ్యి తప్ప ఎరగనివాడివి, ఇంకెలా బతుకుతావు బావా!" అని మొదలెట్టి, అక్క గుణగణాలన్నీ వరసపెట్టి చెప్పుకుంటూ ఏడ్చింది. బావ పలకలేదు. పాపం, దుఃఖంతో మాట పడిపోయిందనుకుని ఇంకా ఏడ్చింది.

ఎదురింటి గుమ్మంలోంచి సూరమ్మ చూసింది. చెల్లెలు. మంచం దిగి వచ్చిన చెల్లెలు. ఇక పరస్థానం లేదు, నియమం లేదు, ఎవరికోసం బయలుదేరిందో ఆవిడే ఇంటిముందుంది. "ఒసే ముత్యాలూ!" అని ఒక్క పరుగున వీధిలోకి దిగింది.

ముత్యాలు తిరిగి చూసి కెవ్వుమంది. డోలీ మోసినవాళ్ళు డోలీ అక్కడే పడేసి కొండ దిగిపోయారు, వాళ్ళ కూలి ఇప్పటికీ ఇవ్వాల్సే ఉంది. ముత్యాలు చేతికందిన చీపురు తీసుకుని, దగ్గరకి రాకే, నీకు ఏం లోటు చేశామే, స్నానం కూడా చేశాను కదే అంటూ అక్కని నాలుగు బాదింది. సూరమ్మ తింటూనే, నేనేనే, బతికే ఉన్నానే, కొట్టకే అంటోంది. గంటాలమ్మ అరుగు మీదనించి అరిచింది. దయ్యం కాదమ్మా, దయ్యమైతే పూటకి నా ఇంట్లో అంత అన్నం తింటుందా అని. అప్పటికిగానీ ముత్యాలు చీపురు దించలేదు. అక్క చెయ్యి పట్టుకు చూసింది, వెచ్చగా ఉంది. చెల్లెలి నుదురు పట్టుకు చూసింది అక్క, చల్లగా ఉంది. ఇద్దరూ అక్కడే మంచుబురదలో కూర్చుని ఒకళ్ళని పట్టుకుని ఒకళ్ళు ఏడ్చి, నవ్వి, మళ్ళీ ఏడ్చి, ఎవరు ఎవరికి ఏం చెప్పారో తేల్చుకునేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

అప్పుడు సూరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది. ఏమయ్యా, వెళ్ళిపోయిందంటే ఏమనుకుంటారో చూసుకోవద్దా అంది. ఇన్ని రోజుల తరవాత స్తంభానికి కాదు, నేరుగా ఆయనతో అన్న మాట అది.

పరదేశయ్య చేతి మీద పిచ్చిక ఒకటి కూర్చుని గింజలు తింటోంది. భుజం మీద ఇంకొకటి. పిల్లి వాటిని చూస్తోంది, ఎవరూ దాని చెవి పట్టుకోలేదు.

ఆయన తెల్లవారుజామునే పోయాడు. కషాయం కాచుకోలేదు. మిరియాలు పోపులపెట్టెలో ఎక్కడివక్కడే ఉన్నాయి. ముత్యాలు పరామర్శకని వచ్చింది కదా, పదిరోజులూ ఉండి, అదేదో అక్కకే చేసి, తరవాత కూడా వెళ్ళలేదు. అక్కాచెల్లెళ్ళు ఆ ఇంట్లోనే ఉండిపోయి, చాలా ఏళ్ళు సుఖంగా బతికారు.

నీతా? నీతేముందిరా. దగ్గొస్తే పక్కన ఉన్నవాళ్ళకి చెప్పాలి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.